ముందు కందెన, పిదప కరెంటు

(మూలబడిన పాత లేత్ యంత్రమును బాగుచేయుటను గూర్చి, పంచాయతీ సభ్యుల శిక్షణ తరగతిలో ఒక విశ్రాంత టర్నరు శిక్షకుడు చేసిన ప్రసంగ పాఠము)



బండి కట్టుటకు ముందు ఇరుసునకు కందెన వేయవలెనని మన పెద్దలకు ఎవరును పాఠశాలలో చెప్పలేదు. ఆముదములో కాల్చిన గడ్డి మసిని కలిపి, ఆ కందెనను వెదురు గొట్టములో నింపి, బండి క్రింద వ్రేలాడగట్టుకొని ప్రయాణము చేసెడివారు. కందెన లేని బండి కీచుమనును. ఆ కీచు ఊరంతటికిని వినబడును. బండివాడు సిగ్గుపడి దిగి కందెన వేయును. లేత్ యంత్రము అట్టిది కాదు. నూనె చాలనప్పుడు అది తొలుత కేక వేయదు. మౌనముగా అరిగిపోవును. అది కేక వేయునప్పటికి కార్యము మించిపోయి యుండును. నేటి నా ప్రసంగమునకు సారమంతయు ఇదియే.

రెండు సంవత్సరముల క్రిందట ఒక గ్రామ పంచాయతీ సభ్యుడు నా యొద్దకు వచ్చి, "మాస్టారూ, మా ఊరి పాత షెడ్డులో ఒక లేత్ మిషను ఉన్నది. పదునెనిమిది ఏండ్లుగా ఎవరూ ముట్టలేదు. వచ్చే సమావేశములో పాత ఇనుము క్రింద తూకానికి అమ్మేద్దామని తీర్మానం పెట్టుచున్నారు. అమ్మవచ్చునా?" అని అడిగినారు. చూడకుండ చెప్పలేనని నేను ఆయనతో వెళ్ళినాను. అక్కడ జరిగిన పనిని వరుసగా మీకు చెప్పెదను. మీలో కొందరి గ్రామములలో ఇట్టి యంత్రము ఏ మూలనో ఉండవచ్చును గదా!

లేత్ అనగా నేమి?

లోహపు కడ్డీని గట్టిగా పట్టి త్రిప్పుచు, కదలని పదునైన పనిముట్టును దానికి ఆనించి, కోరిన కొలతకు గుండ్రముగా కోయు యంత్రమే లేత్. మనకిది క్రొత్త భావము కాదు. తరిమెన పట్టుట అను మాట తెలుగులో పూర్వమునుండి కలదు. వరాహ నదీతీరమందలి ఏటికొప్పాకలో అంకుడు కర్రను తరిమెనపై త్రిప్పి, లక్క రంగులు పట్టించి బొమ్మలు చేయు కళాకారులు నేటికిని ఉన్నారు. ఆ తరిమెనకు లోహపు లేత్ పెద్ద తమ్ముడు. 1800 ప్రాంతమున లండనులో హెన్రీ మాడ్స్‌లే అను పనివాడు, పనిముట్టును చేతితో గాక ఇనుప జారుడు పీటపై బిగించి, మరతో సమముగా నడుపు లేత్‌ను నిర్మించినాడు. ఒకే కొలతగల మరలను ఎన్నియైనను చేయుటకు అప్పుడు మార్గము ఏర్పడినది. మన దేశమున 1953లో బెంగుళూరు కేంద్రముగా స్థాపితమైన హిందుస్థాన్ మెషీన్ టూల్స్ సంస్థయు, పంజాబులోని బటాలా, గుజరాతులోని రాజకోట వంటి పట్టణముల కర్మశాలలును లేతులను విస్తారముగా తయారుచేసినవి. పల్లెలలో కనబడు పాత లేతులలో పెక్కు అట్టివే.

గ్రామమునకు దీనితో పని యేమి యందురా? మోటారు పంపు షాఫ్టు అరిగినను, బుష్షు వదులైనను, ట్రాక్టరు నాగలి పిన్ను విరిగినను, బియ్యపు మిల్లు కప్పీ బోసిపోయినను పట్టణమునకు పోవలెను. పోయిన దినమున పని కాదు. "రేపు రండి" అందురు. ఆ రెండు దినములును చేను ఎండుచుండును. ఊరిలో నడుచు లేత్ ఒకటి ఉన్నచో ఆ పని ఒక పూటలో ముగియును. తూకమునకు అమ్మిన లేత్‌కు పాత ఇనుము ధర వచ్చును. కాని దాని వలన జరుగు పనికి తూకము లేదు.

వేలమునకు ముందు ఒక పరీక్ష

షెడ్డు తలుపు తెరచి చూడగా, లేత్‌పై ఎరువుల బస్తాలు పేర్చి యున్నవి. ఇది మన గ్రామములలో సామాన్యముగా జరుగు పొరపాటు. ఎరువులలోని లవణములు గాలిలోని తేమను పీల్చి ఇనుమును కొరికివేయును. బస్తాలు తీయించి చూచితిని. పైన ఎర్రని త్రుప్పు. అయితే చక్ క్రిందుగా, ఎవరో ఒక పనివాడు వెళ్ళిపోవునాడు దట్టముగా పట్టించిన గ్రీజు గట్టిపడి యున్నది. దానిని గోటితో గీకగా లోపల ఇనుము వెండివలె మెరసినది. ఆ పనివాడెవరో నాకు తెలియదు. అతని చేతికి మనసులో నమస్కరించితిని.

పాత యంత్రమును బాగుచేయవచ్చునా, లేదా అని తేల్చుటకు మొదట చూడవలసినవి మూడు. ఒకటి, పోత ఇనుపు భాగములలో పగులు ఉన్నదా? అనుమానమున్న చోట కిరసనాయిలు గాని డీజిలు గాని రాచి, పొడిగుడ్డతో తుడిచి, సుద్దపొడి పూయవలెను. పగులు ఉన్నచో అందులో దాగిన నూనె కొంతసేపటికి సుద్దపై గీతవలె తేలును. రెండు, పళ్ళ చక్రములు అన్నియు ఉన్నవా? పళ్ళు విరిగినవా? మూడు, ప్రధానమైన ఇరుసు, అనగా చక్‌ను మోయు స్పిండిలు, కదలుటకు అవకాశమున్నదా? బెడ్డుకు గాని, స్పిండిలును మోయు హెడ్‌స్టాకుకు గాని పగులు ఉన్నచో ఆశ విడుచుట మేలు. మన గ్రామపు లేత్‌కు పగులు లేదు; ఒక చక్రమున రెండు పళ్ళు మాత్రము విరిగియున్నవి. స్పిండిలు కదలలేదు.

"ఒక నెల గడువు ఇండు. ఆ పిదప అమ్ముటయో, ఉంచుటయో మీరే తీర్మానించుడు" అని సభ్యులను కోరితిని. వారు అంగీకరించినారు. పనికి కమ్మరి ఇంటి యువకుడొకడు ముందుకు వచ్చినాడు. అతడు కొలిమి ఎరుగును గాని అంతకుముందు లేత్‌ను ముట్టినవాడు కాడు. మొదటి దినముననే అతడు, "మాస్టారూ, నాలుగు చుక్కల నూనె పోసి స్విచ్చి వేసి చూద్దామా?" అన్నాడు. అప్పుడు నేను అతనికి నా స్వంత కథ చెప్పవలసి వచ్చినది.

నేను చేసిన తప్పు

నాకు పందొమ్మిదేండ్ల వయసున, ఒక చిన్న కర్మశాలలో ఇట్లే మూలబడిన లేత్‌ను నాకు అప్పగించినారు. పైపైన తుడిచి, కనబడిన రంధ్రములలో నూనె పోసి, కరెంటు ఇచ్చితిని. యంత్రము చక్కగా తిరిగినది. నేను పొంగిపోతిని. పది నిమిషములు గడువక ముందే ఒక మూలుగు, పిదప మాడిన వాసన, ఆపై బెల్టు జారిన చప్పుడు. స్పిండిలు తన కంచు బేరింగులో అతుకుకొని నిలిచిపోయినది. విప్పి చూడగా ఇరుసు నిండ గీతలు. వెనుక బేరింగునకు పోవు నూనె రంధ్రముపై ఏనాడో రంగు పూసి మూసివేసినారు; నేను పోసిన నూనె చుక్కయైనను లోపలికి పోలేదు. యజమాని నన్ను తిట్టలేదు. ఆ ఇరుసును నా బల్లపై పెట్టి వెళ్ళిపోయినాడు. తిట్టినను అంత బాధ కలిగెడిది కాదు.

నూనె చేయు పని ఏమి?

నూనె జారుటకు మాత్రమే అనుకొందుము. అది చేయు పని అంతకంటె గొప్పది. ఇంగ్లండులో 1883లో బోషాంప్ టవర్ అను ఇంజనీరు రైలు ఇరుసుల బేరింగులపై పరీక్షలు జరిపినాడు. బేరింగు పై కప్పులో నూనె పోయుటకు ఒక రంధ్రము చేసెను. ఇరుసు తిరుగగానే ఆ రంధ్రము గుండ నూనె పైకి ఉబికినది. బిరడా బిగించిరి, నూనె దానిని వెలికి త్రోసివేసినది. ఒత్తిడి కొలుచు సాధనము అమర్చగా, చదరపు అంగుళమునకు 200 పౌనులు దాటినది. పంపు లేదు, యంత్రము లేదు. తిరుగుచున్న ఇరుసే నూనెను తనకును బేరింగునకును నడుమకు ఈడ్చుకొనుచున్నదని, ఆ పలుచని పొరయే బరువును మోయుచున్నదని తెలిసినది. 1886లో ఆస్‌బర్న్ రెనాల్డ్స్ అను శాస్త్రజ్ఞుడు దీనికి గణిత సూత్రము కట్టినాడు.

దీనిలో మనకు కావలసిన నీతి ఒకటున్నది. ఇరుసు తిరుగుచున్నంతసేపు నూనెపై తేలును. ఆగియున్నప్పుడు లోహముపై లోహము ఆనియుండును. అనగా అరుగుదలకు మిక్కిలి అవకాశమున్న క్షణము యంత్రమును ప్రారంభించు క్షణమే. పదునెనిమిది ఏండ్లు ఆగిన యంత్రములో నూనె పొర యెక్కడిది? అందువలననే ముందు కందెన, పిదప కరెంటు.

విప్పుటకు ముందు గుర్తించుట

క్రొత్తగా పనికి దిగినవారి రెండవ తొందర, యంత్రమును ఒక్క దినమున ఊడదీయుట. ఊడదీయుట సులభము, కూర్చుట కష్టము. ఆ యువకునితో నేను మూడు నియమములు పెట్టుకొంటిని. ఏ భాగమునైనను విప్పకముందు చేతి ఫోనులో నాలుగు దిక్కుల నుండి ఫోటో తీయవలెను. ఒక భాగమునకు చెందిన మరలు, బిళ్ళలు ఒకే డబ్బాలో వేసి చీటి అంటించవలెను. ఒక భాగమును శుభ్రపరచి, నూనె పట్టించి, తిరిగి కూర్చిన పిదపనే రెండవ దానిని ముట్టవలెను. సుత్తితో నేరుగా కొట్టరాదు. కర్రముక్కనో, రాగిముక్కనో అడ్డముంచి తట్టవలెను.

చక్ బరువైనది. దానిని విప్పునపుడు క్రింద బెడ్డుపై ఒక మందపు పలకను పరచవలెను. చేయి జారిన చక్ బెడ్డుపై పడినచో ఆ గంటు యంత్రము బ్రతికినన్నాళ్ళు ఉండును. వ్రేళ్ళపై పడినచో చెప్పనక్కర లేదు. యంత్రమును చోటు మార్చవలసి వచ్చినను జాగ్రత్త వహించవలెను. హెడ్‌స్టాకు వైపు బరువు అధికము. యంత్రము సులభముగా ఒరుగును. స్పిండిలుకు గాని, పొడవైన లీడ్ స్క్రూకు గాని త్రాడు కట్టి ఎత్తరాదు.

త్రుప్పు వదలించుట

బెడ్డు పైభాగమున ఉన్న పొడవైన పట్టాలే లేత్‌కు ప్రాణము. పనిముట్టును మోయు క్యారేజి వాటిపైననే జారును. ఆ పట్టాలు ఎంత తిన్నగా నున్నవో, కోత అంత తిన్నగా నుండును. కావున వాటిపై ఎమెరీ కాగితముతో రుద్దరాదు. ఎమెరీ రజను నూనెలో కలిసి, క్యారేజి క్రింద చేరి, ఆకురాయివలె నిరంతరము అరుగదీయును. నూనె పోసి ఒక దినము నాననిచ్చి, పలుచని బ్లేడును పట్టాపై బల్లపరుపుగా ఆనించి నెమ్మదిగా గీకవలెను. ఎర్రని త్రుప్పు లేచిపోవును. దాని క్రింద నల్లని మచ్చలు మిగులును. వాటిని చూచి దిగులుపడ నక్కరలేదు. మచ్చ అందమునకు కొరత గాని పనికి కొరత కాదు.

పిడులు, బోల్టులు వంటి చిన్న ఇనుప భాగములకు మన గ్రామములలో ఒక సులభ మార్గము కలదు. చెరకు మడ్డి ఒక పాలు, నీరు తొమ్మిది పాళ్ళు కలిపి, అందులో వారము మొదలు రెండు వారముల వరకు నానవేసినచో త్రుప్పు మెత్తబడి ఊడిపోవును. ప్రతిదినము తీసి చూచుచుండవలెను. అవసరమునకు మించి నానవేయరాదు. అల్యూమినియము భాగములను అందులో వేయరాదు. తీసిన వెంటనే కడిగి, ఆరబెట్టి, నూనె పట్టించవలెను. లేనిచో ఒక రాత్రిలో మరల త్రుప్పు పట్టును.

జిడ్డు కడుగుటకు పూర్వము కిరసనాయిలు వాడెడివారము. నేడు అది దొరకుట అరుదైనది గావున డీజిలు వాడవచ్చును. పెట్రోలు వలదు. కడుగుచోట బీడీ, సిగరెట్టు, కొలిమి దగ్గర ఉండరాదు. పాత రంగును పొడిగా గీకరాదు. పూర్వపు రంగులలో సీసము ఉండుటకు అవకాశము కలదు. ఆ దుమ్ము ఊపిరితిత్తులకును, ముఖ్యముగా పిల్లలకును హాని చేయును. గట్టిగా అంటుకొనియున్న రంగును అట్లే ఉంచుట మంచిది.

నూనె రంధ్రముల లెక్క

ఊరిలో కుళాయిలెన్ని, వీధి దీపములెన్ని అని మీరు లెక్క వ్రాసికొందురు. అట్లే లేత్‌కు నూనె రంధ్రములెన్ని అని లెక్క వ్రాయవలెను. హెడ్‌స్టాకుపై, క్యారేజిపై, అడ్డముగా జారు క్రాస్ స్లైడుపై, దాని పిడి యొద్ద, టెయిల్‌స్టాకుపై, లీడ్ స్క్రూ రెండు కొనల యొద్ద, పళ్ళ చక్రముల ఇరుసులపై ఇవి ఉండును. కొన్నింటికి మూత గల చిన్న గిన్నెలు, కొన్నింటికి లోపలికి నొక్కుకొను గుండు, కొన్నింటికి వట్టి రంధ్రము మాత్రమే ఉండును. మా యువకుడు మొదటి దినమున పదునొకండు కనుగొన్నాడు. "ఇంకను వెదకుము" అన్నాను. రంగు పొర క్రింద, మురికి క్రింద వెదకగా ఇరువది మూడు తేలినవి. వాటిలో తొమ్మిది పూర్తిగా మూసుకొనిపోయి యున్నవి. సన్నని తీగతో మురికిని పైకి లాగి, డీజిలుతో కడిగి, లోపలనుండి నూనె అవతలి వైపున చెమ్మగా కనబడువరకు వదలలేదు. నూనె పోసితిమన్నది లెక్కకు రాదు. నూనె చేరినదా అన్నదే లెక్క. పథకములకును ఇదియే సూత్రమని సభ్యులకు నేను వేరుగా చెప్ప నక్కరలేదు.

తరువాత అతడు ఒక అట్టపై యంత్రము బొమ్మ గీసి, ప్రతి రంధ్రమునకు అంకె వేసి, యంత్రముపై ఆయా చోట్ల ఎర్ర చుక్క పెట్టినాడు. ఇప్పుడు ఆ బొమ్మ షెడ్డు గోడపై ఉన్నది. ఎవరు వచ్చినను వరుసగా ఇరువది మూడు చోట్ల నూనె వేయగలరు.

ఏ నూనె?

ఇంటిలో ఉన్న వేరుశనగ నూనెయో, కొబ్బరి నూనెయో వేయరాదు. అవి కొంతకాలమునకు బంకవలె చిక్కబడి రంధ్రములను మూసివేయును. బండి ఇరుసునకు ఆముదము చాలినది గాని, సన్నని సందులు గల ఈ యంత్రమునకు అది తగదు. ట్రాక్టరు నుండి తీసిన వాడిన నూనెను అసలే వాడరాదు. అందులో మసియు, లోహపు రజనును ఉండును.

జారు పట్టాలకు స్లైడ్‌వే నూనె అని అమ్ముదురు. డబ్బాపై 68 అను అంక్యము గలది సామాన్యముగా సరిపోవును. ఆ అంకె నూనె చిక్కదనమును తెలుపును. అంకె పెరిగిన కొలది నూనె చిక్కన. హెడ్‌స్టాకుకు ఏ నూనె వలయునో యంత్రముపై నున్న రేకు పలకయో, తయారీదారుల పుస్తకమో చెప్పును. 32 మొదలు 68 వరకు యంత్రమును బట్టి ఉండును. నూనె వేయవలసిన చోట గ్రీజు కూరరాదు. అది రంధ్రమును మూసివేయును. పట్టాలపై పూసిన గ్రీజు ఇనుప రజనును పట్టి ఉంచి అరుగదీయును. యంత్రమును నెలల తరబడి మూసిపెట్టునప్పుడు గ్రీజు రక్షణ. నడుపునప్పుడు అదే శత్రువు. బెల్టుపై నూనె పడనీయరాదు, జారిపోవును.

హెడ్‌స్టాకులోని పాత నూనెను వదలినప్పుడు దానిని తెల్లని గిన్నెలో పట్టి చూడవలెను. పాలవలె నున్నచో నీరు చేరినది. పసుపుపచ్చని మెరుపు కనబడినచో కంచు భాగములు అరిగినవి. మా గిన్నెలోని నూనె నల్లగా, చిక్కగా ఉన్నది గాని మెరుపు లేదు. అప్పుడు నాకు ధైర్యము కలిగినది. వదలిన నూనెను కాలువలోనో, చెరువు కట్టపైననో పోయరాదు. డబ్బాలో పట్టి, వాడిన నూనె సేకరించువారికి అప్పగించవలెను.

చేతితో త్రిప్పుట, మొదటి నడక

మూడు వారముల పిదప స్పిండిలు వంతు వచ్చినది. బెల్టు తీసివేసి, ప్రతిదినము బేరింగులలో నూనె పోయుచుంటిమి. బలము ఉపయోగించలేదు. ఐదవ దినమున యువకుడు చక్‌ను చేతితో పట్టి అటునిటు ఊపగా వెంట్రుకవాసి కదలినది. అతడు కేక వేసినాడు. "ఇంకను త్రిప్పకుము, ఇంకను నూనె పోయుము" అన్నాను. మరి రెండు దినములకు ఒక చుట్టు తిరిగినది. అతని తండ్రి, వృద్ధ కమ్మరి, ఒక కర్రకొనను బేరింగుపై ఆనించి, రెండవ కొనను చెవికి ఆనించి వినుచు కూర్చున్నాడు. కుమారుడు నూరు చుట్లు చేతితో త్రిప్పినాడు. తండ్రి, "గరుకు లేదురా, నీళ్ళలా ఉంది" అన్నాడు. అప్పుడు మాత్రమే విద్యుత్ పనివాని పిలిపించితిమి.

విద్యుత్తు విషయమున రెండు మాటలు. పాత మోటారును, తీగలను, ఎర్తింగును అర్హత గల పనివాడు పరీక్షించి తీరవలెను. పొలము మోటారునకు ఇచ్చిన వ్యవసాయపు కనెక్షను నుండి లేత్‌ను నడుపరాదు. కర్మశాలకు వేరు సర్వీసు తీసికొనవలెను.

మొదటి నడక అతి తక్కువ వేగమున, పని ఏదియు లేకుండ, పదిహేను నిమిషములు. యంత్రమును ఆపి, హెడ్‌స్టాకుపై బేరింగుల చోట అరచేయి ఉంచి చూడవలెను. గోరువెచ్చన సహజము, చేయి ఉంచలేనంత వేడి ప్రమాద సూచన. చల్లగానే ఉన్నచో ఒక మెట్టు వేగము పెంచి మరల అట్లే చూడవలెను. ఆ దినమంతయు మేము ఒక్క ఇనుప ముక్కను కోయలేదు.

ప్రాణమునకు సంబంధించిన మాట

సోదరులారా, యంత్రము చెడినచో డబ్బు పోవును. ఇప్పుడు చెప్పునది అంతకు మించినది. మనము పంచె కట్టుదుము, భుజమున కండువా వేయుదుము. స్త్రీలకు చీర కొంగు, జడ ఉండును. తిరుగుచున్న లేత్ వీటిలో ఏ కొసను పట్టినను మనిషిని లోపలికి లాగుకొనును. ఆపుటకు వ్యవధి ఉండదు. కావున వదులైన దుస్తులు, కండువా, ఉంగరములు, చేతి గడియారము, చేతి తొడుగులు లేత్ యొద్ద నిషిద్ధములు. జుట్టు బిగించి కట్టవలెను. కళ్ళకు రక్షణ అద్దములు ఉండవలెను. చక్ తాళమును బిగించిన మరుక్షణమే చేతిలోనికి తీసికొనవలెను. చక్‌లో మరచిన తాళము స్విచ్చి వేయగానే బాణమువలె ఎగురును. కోతలో రాలు ఇనుప చుట్టలను చేతితో లాగరాదు. కుంచెతోనో, కొక్కెముతోనో తీయవలెను. గాలి పంపుతో ఊదరాదు. రజను పట్టాల సందులలో దూరుటే గాక కంటిలో పడును. తిరుగుచున్న భాగమునకు నూనె వేయుటకు గాని, తుడుచుటకు గాని గుడ్డ పట్టుకొని చేయి చాపరాదు. ప్రారంభోత్సవమునకు వచ్చు పెద్దలను సైతము గీత గీసి దూరముగా నిలుపవలెను.

ఎంతవరకు బాగుపడినది?

ఉన్నది ఉన్నట్లు చెప్పవలెను. మేము మొదట బెడ్డును రసమట్టముతో సరిచూచితిమి. పొడవునకు వాలు ఉన్నను అంత చింత లేదు గాని, రెండు కొనల యొద్ద అడ్డముగా పెట్టినప్పుడు బుడగ ఒకేచోట నిలువవలెను. లేనిచో బెడ్డు మెలిదిరిగి యున్నదని అర్థము. తాపీ మేస్త్రీ రసమట్టము ఆరంభమునకే చాలును; కడపటి సర్దుబాటునకు సూక్ష్మమైన రసమట్టము తెప్పించితిమి. పిదప ఒక గుండ్రని కడ్డీని చక్‌లో మాత్రమే పట్టి, ఆరు అంగుళముల ఎడముగా రెండు చోట్ల పలుచగా కోసి, రెండు వ్యాసములను మైక్రోమీటరుతో కొలిచితిమి. భేదము మిల్లీమీటరులో ఇరువదవ వంతు తేలినది. చక్ యొద్ద పట్టాలు అరిగియున్నవి. అక్కడనే పని యెక్కువ జరుగును గావున ప్రతి పాత లేత్‌లోను ఇది సహజము.

అనగా ఆ లేత్ సూక్ష్మమైన యంత్ర భాగములకు పనికిరాదు. కాని పంపు బుష్షులు, పిన్నులు, కప్పీలు చేయుటకు నిశ్చయముగా పనికివచ్చును. పళ్ళు విరిగిన చక్రమును పట్టణములో చేయించితిమి. నూనెలు, చక్రము, బెల్టు, తీగలు అన్నియు కలిపి ఖర్చు పాత ఇనుము ధరలో కొద్ది భాగమునకు మించలేదు. నెల గడువు తీరిన తరువాతి సమావేశములో సభ్యులు వేలపు తీర్మానమును ఉపసంహరించుకొన్నారు. ఆ సంవత్సరమే, నాట్ల కాలమున, ఒక రైతు అరిగిన పంపు బుష్షు తెచ్చి ఉదయము ఎనిమిది గంటలకు షెడ్డు ముందు నిలిచినాడు. పదునొకండు గంటలకు పంపు నీరు పోసినది. ఆ యువకుడు ఆనాడు నాకు ఫోనులో ఆ నీటి చప్పుడు వినిపించినాడు.

పంచాయతీ చేయవలసినది

1993 ఏప్రిల్ 24న అమలులోనికి వచ్చిన 73వ రాజ్యాంగ సవరణ, పదునొకండవ షెడ్యూలులో పంచాయతీలకు అప్పగింపదగిన 29 అంశములను చేర్చినది. చిన్న పరిశ్రమలు, గ్రామ కుటీర పరిశ్రమలు, సాంకేతిక శిక్షణ వాటిలో ఉన్నవి. అన్నింటి చివర నున్న 29వ అంశము ఉమ్మడి ఆస్తుల నిర్వహణ. మూలబడిన లేత్ ఈ నాలుగింటిలోను చేరును.

నేను కోరునవి ఇవి. వేలము వేయుటకు ముందు యంత్రమెరిగిన వానిచేత పరీక్ష చేయించుడు. యంత్రమును ఒకరి పేర అప్పగించుడు. అందరిదైన నూనె కుప్పె ఎవరిదియు కాదు. ఆ వ్యక్తిని పారిశ్రామిక శిక్షణ సంస్థలో టర్నరు విద్యకు గాని, అనుభవము గల పనివాని యొద్దకు గాని పంపుడు. నేను చెప్పినది ఆరంభమే గాని విద్య కాదు. గోడపై నూనె రంధ్రముల పటము, దాని ప్రక్కన ఒక పుస్తకము ఉంచి, ప్రతిదినము పని ఆరంభమునకు ముందు నూనె వేసినట్లు సంతకము చేయించుడు. ఎరువుల బస్తాలను మరొక చోటికి మార్పించుడు. పని ముగిసిన పిదప పట్టాలపై పలుచగా నూనె పూసి, ప్లాస్టిక్ పట్టాతో గాక నూలుగుడ్డతో కప్పించుడు. ప్లాస్టిక్ క్రింద తేమ నిలిచి త్రుప్పు పట్టును.

మీరు తనిఖీకి వెళ్ళినప్పుడు యంత్రము ఎంత వేగముగా తిరుగుచున్నదో చూడ నక్కరలేదు. ఆ పుస్తకమును చూడుడు. పిమ్మట పట్టాపై వ్రేలు రాచి చూడుడు. వ్రేలికి నూనె అంటినచో ఆ యంత్రము మీ మనుమల కాలమునకును ఉండును. పొడిగా ఉన్నచో, అప్పటికప్పుడే అడుగుడు. అది కేక వేయువరకు ఆగవద్దు.